ఎవరూ కొట్టకుండా మోగిన సింబల్

ఆ రోజుల్లో హైదరాబాదు చివర నార్సింగి వైపు మనుషుల కంటే ముందు టవర్లు వచ్చాయి. ఇప్పుడు లిఫ్టు కోసం వరసలో నిలబడాల్సిన ఆ టవర్లోనే, మేమున్న కాలంలో లిఫ్టు మా ఒక్క ఇంటి కోసమే పైకీ కిందికీ తిరుగుతున్నట్టుండేది. ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, నేనెవరో తెలియక, మా పాత ఫ్లాటు కథ నాకే చెప్పాడు. ఆ ఇంట్లో సాయంత్రమైతే ఎవరూ లేని గదిలో తాళం మోగుతుందట. మోగించేది పొడుగు జుట్టున్న ఆడమనిషట. కిరాయికి దిగినవాళ్లెవరూ ఏడాది నిలవడం లేదట. ఆయన చెప్పిన తీరుకి, అసలు సంగతి తెలిసిన నాకే చెయ్యి పప్పన్నంలో ఆగిపోయింది. జుట్టు సంగతి ఎవరు చేర్చారో గానీ, ఆ ఇంటికీ, ఆ దయ్యానికీ కూడా ఇందులో అన్యాయం జరుగుతోందనిపించింది. అప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్లలో రాత పని చేయగలిగినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి (ఈ మాట మా అక్క ఒప్పుకోదు), జరిగింది జరిగినట్టు రాసి పెట్టడం నా వంతైంది.

అప్పటికి నేను డిగ్రీ ముగించి, ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కాబావల దగ్గరికి కొత్తగా వచ్చాను. బావ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. ఆయన బండిలో రోజూ ఎక్కే ఒక మేనేజరు గారు ఈ ఫ్లాటు కొని, అందులోకి మారే వీలు లేక, మూసి ఉంచితే కొత్త ఇల్లు పాడవుతుందని తక్కువ కిరాయికి మాకిచ్చారు. ఇక నా సంగతి. మా ఊరి శాఖా గ్రంథాలయంలో విజ్ఞానశాస్త్రం బీరువా మొత్తం చదివేశానని నాకు మహా గర్వం. ఆ బీరువాకు గోడ వైపు నుంచి చెదలు పట్టి, చాలా పుస్తకాలకు చివరి అధ్యాయాలు పోయాయి. అందువల్ల లోకంలోని సమస్యలన్నీ నాకు క్షుణ్ణంగా తెలుసు, పరిష్కారాల దగ్గరే కొంచెం తడబాటు. హైదరాబాదులో నగర గ్రంథాలయం సభ్యత్వం తీసుకుని ఆ లోటు పూడ్చుకునే ప్రయత్నంలో ఉన్నాను. ఇంటికెవరైనా వస్తే అక్క నన్ను "మా తమ్ముడు, చదువుతడు" అని పరిచయం చేసేది. ఏం చదువుతాడని వాళ్లడిగితే, "ఏం లేదు, ఊకె చదువుతడు" అనేది.

మా అంతస్తులో తలుపులు చాలా ఉండేవి, మనుషులు మాత్రం రెండిళ్లలోనే. మిగతా ఇళ్లు కొన్నవాళ్లు గృహప్రవేశం చేసి, పాలు పొంగించి, తాళం వేసుకుని వెళ్లిపోయినవాళ్లు. గుమ్మాలకు కట్టిన మామిడాకులు ఎండి, గాలికి గలగలమనేవి. తలుపు పిడులకు ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉండేవి. మనిషి నడిస్తే వెలగాల్సిన వరండా దీపాలు ఒక్కోసారి ఎవరూ నడవకపోయినా ఒకదాని తర్వాత ఒకటి వెలిగి, మా గుమ్మం దాకా వచ్చి ఆగేవి. మూసి ఉన్న ఒక ఇంట్లో ఎవరో మరిచిపోయిన గడియారం రోజూ చీకటి పడే వేళకు అలారం కొట్టి కొట్టి, ఆపే చెయ్యి లేక తనే ఊరుకునేది. ఆ మోత వింటే నాకు చదువు సాగేది కాదు. రెండో ఇంట్లో ఉండే ఆవిణ్ని పిన్నిగారనేవాళ్లం. ఆమెది రాజమండ్రి వైపు. కూకట్‌పల్లిలో సందడి మధ్య చాలాకాలం ఉండి, ప్రశాంతత కోసం ఇటు వచ్చారు. వచ్చిన వారానికే ప్రశాంతత ఎక్కువైపోయి, ఏ చిన్న చప్పుడైనా మా ఇంటికి వచ్చేసేవారు.

ఇక డ్రమ్ములు. బావ వాళ్ల నాన్న జనగామ వైపు పెళ్లిళ్లలో బ్యాండు వాయించేవాడు. బావ చేతులకూ ఆ జబ్బు ఉంది. సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు, స్టీరింగు మీద దరువు వేసేవాడు. ఆ దరువు వినే, ఆయన క్యాబ్‌లో ఎక్కే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కొందరు తమ బ్యాండులోకి పిలిచారు. వాళ్ల నాయకుణ్ని మేం కీబోర్డు సారు అనేవాళ్లం. సాధన చేసుకొమ్మని వాళ్ల ఎలక్ట్రానిక్ డ్రమ్ముల సెట్టు మా ఇంటికి పంపారు. అది చూడటానికి డ్రమ్ములే గానీ, అన్నీ రబ్బరు పళ్లేలు. కొడితే టప్ టప్ అంటాయి, అంతే. అసలు శబ్దం తీగల ద్వారా ఒక డబ్బాలోకి వెళ్లి, అక్కణ్నుంచి స్పీకరులోనో హెడ్‌ఫోన్స్‌లోనో పుడుతుంది. వాళ్ల కంపెనీ దీపావళి వేడుకలో బావ బాగా వాయిస్తే బ్యాండులో స్థిరంగా ఉంటాడు. లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని కీబోర్డు సారు మర్యాదగానే చెప్పాడు.

అక్కకు ఈ డ్రమ్ములంటే కోపం. మామగారు జీవితమంతా పరాయివాళ్ల పెళ్లిళ్లలో ఎండలో నిలబడి వాయించి, చివరి పంక్తిలో తిని రావడం ఆమె చూసింది. మొగుడు మళ్లీ అదే దారి పట్టాడని ఆ గదిలోకే వెళ్లేది కాదు, చీపురుతో కూడా. అటువంటిది, దసరా నాడు బావ కిందికెళ్లి కారుకు పూజ చేసి వచ్చేసరికి, అక్క పళ్లెం పట్టుకుని డ్రమ్ముల గదిలో ఉంది. ప్రతి రబ్బరు ముక్కకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు అన్నిటి మీదా చల్లింది. అన్నిటికంటే ఎత్తుగా గొడుగులా ఉన్న కుడివైపు సింబల్‌కు, అంటే తాళపు పళ్లేనికి, ఒక దోసెడు ఎక్కువే చల్లింది. బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఇగ వాయించు. గని నా తల నొయ్యకుండ వాయించు" అని అక్క హారతి కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. బావ చొక్కా చేతితో ముఖం తుడుచుకోవడం చూసి నేను కిటికీ వైపు తిరిగి, అక్కడేదో ఉన్నట్టు చూశాను.

తర్వాత కొన్నాళ్లకు ముసురు పట్టింది. ఒక సాయంత్రం బావ డ్యూటీలో ఉన్నాడు. హాల్లో అక్క ఆరని బట్టలు తిరగేస్తోంది, నేను పుస్తకం పట్టుకుని ఉన్నాను. ఉన్నట్టుండి డ్రమ్ముల గదిలో సింబల్ మోగింది. నిండుగా, పొడుగ్గా, ఇత్తడి పళ్లేన్ని కర్రతో కొట్టినట్టు. ఆ మోత గదంతా నిండి, మధ్యలో ఠక్కున తెగిపోయింది. నన్ను భయపెట్టింది మోగడం కాదు, ఆ తెగడం. వాయించేవాళ్లు సింబల్‌ను ఆపాలంటే అంచును వేళ్లతో పట్టుకుంటారు. ఈ రబ్బరు సింబల్ అంచులో కూడా ఆ పట్టును కనిపెట్టే పట్టీ ఉంటుందని బావ నాకు చూపించాడు. అంటే మోగించడానికి ఒక చెయ్యి కావాలి, ఆపడానికి ఇంకో చెయ్యి కావాలి. ఇద్దరం వెళ్లి చూస్తే గదిలో ఎవరూ లేరు. స్టూలు మీద కర్రలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. సింబల్ కనీసం ఊగడం లేదు.

"నువ్వు కొట్టినవా?" అంది అక్క.

"నీ పక్కనే ఉన్న కదక్కా."

"మరెవరు?" అని నన్ను కాదు, గదిని అడిగింది. పక్కింటి గడియారం అలారం అప్పుడే మొదలైంది.

స్పీకరు ఆపేశాం. అయితే అది ఇంకా అన్యాయమైంది. గోడకు తగిలించిన హెడ్‌ఫోన్స్‌లో నుంచి అదే మోత సన్నగా "ష్" అని రావడం మొదలుపెట్టింది, మమ్మల్ని మాట్లాడొద్దని ఎవరో అన్నట్టు. డబ్బా స్విచ్ తీసేస్తే ఆగేది. కానీ బావ సాధన చేయాలంటే స్విచ్ వేయాలి కదా. మర్నాడు బావ, నేను, అక్క, పిన్నిగారు నేల మీద కూర్చుని ఆ హెడ్‌ఫోన్స్‌ను డాక్టరు గొట్టంలా ఒకరి తర్వాత ఒకరం చెవులకు పెట్టుకుని విన్నాం. పిన్నిగారు కళ్లు మూసుకుని అందరికంటే ఎక్కువసేపు విన్నారు. "ఇది మామూలు మోత కాదండి. ఎవరో ఏదో చెప్పబోయి మానేస్తున్నారు" అన్నారు. ఈ టవరు కట్టకముందు ఇక్కడన్నీ గుట్టలని, ఆ బండల కింద ఏముందో ఎవరైనా అడిగారా అని కూడా అన్నారు. ఎవరూ అడగలేదన్న మాట నిజమే. ఆ సాయంత్రం నుంచి సాంబ్రాణి మొదలైంది.

నేను మాత్రం నా బీరువా చదువును బయటికి తీశాను. మొదటి సిద్ధాంతం: లిఫ్టు అదురుకు సింబల్ కదులుతోంది. దాన్ని రుజువు చేయడానికి డ్రమ్ముల పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టి, బోర్లా పడుకుని, అలలు వస్తాయేమోనని రెప్ప వేయకుండా చూశాను. అలలు రాలేదు, పిన్నిగారొచ్చారు. నన్ను చూసి అక్క చెవిలో, అబ్బాయి అంజనం వేయడం ఎప్పుడు నేర్చుకున్నాడండీ అని అడిగారు. ఆ రోజు నుంచి మా అంతస్తులో నాకు కొంత గౌరవం పెరిగింది గానీ, నేను కోరుకున్నది ఆ గౌరవం కాదు.

రెండో సిద్ధాంతం: సింబల్ మరీ సున్నితంగా ఉంది. ఎంత గట్టిగా కొడితే పలకాలో ఆ డబ్బాలో మనమే పెట్టవచ్చు. నేను దాన్ని పెంచుతూ పోయాను. చివరికి బావ కర్రతో చెయ్యెత్తి కొట్టినా సింబల్ పలకలేదు. బావ కర్రలు కింద పెట్టాడో లేదో, అది నిండుగా మోగి తెగింది.

"నేను కొడితే పలుకుతలేదు, ఎవలు కొట్టకుంటె పలుకుతాంది" అన్నాడు బావ. "నా కన్న మంచిగ వాయించెటోడు వచ్చిండు బామ్మర్దీ." నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ సాయంత్రం మళ్లీ కర్రలు ముట్టలేదు. వేడుకలో జనం ముందు ఇలా మోగితే బ్యాండులో ఆయన చోటు పోయినట్టే.

నగర గ్రంథాలయంలో చివరి పేజీల దాకా ఉన్న పుస్తకం ఒకటి దొరికింది. రేడియోల మరమ్మతు గురించి. ఒకేసారి అన్నీ మార్చకు, ఒక్కటి మాత్రం మార్చి చూడు అన్నదే దాని సారాంశం. ఇంటికొచ్చి, డబ్బాలో చోట్లు మార్చకుండా, కుడి సింబల్ తీగ మొత్తం విప్పి ఎడమ సింబల్‌కు, ఎడమది కుడికి మార్చాను. కుడి సింబలే మోగింది. అంటే తప్పు తీగది కాదు. తర్వాత డబ్బా దగ్గర రెండు తీగల చోట్లూ మార్చాను. ఇప్పుడు ఎడమ సింబల్ గొంతు వినిపించింది. ఒక్క క్షణం గదిలో ఎవరో ఇటు నుంచి అటు నడిచి వెళ్లినట్టనిపించింది. కానీ ఆలోచిస్తే అదీ సబబే. గొంతు డబ్బాలోని చోటును బట్టి మారింది, మోగించేది మాత్రం ఆ కుడివైపు రబ్బరు పళ్లెమే. అది తీగనూ వదిలింది, డబ్బానూ వదిలింది, ఆ పళ్లేన్ని మాత్రం వదల్లేదు. నేను విజయగర్వంతో వంటింట్లోకి వెళ్లి, దోషం కచ్చితంగా ఆ కుడి సింబల్ లోపలే ఉందని ప్రకటించాను.

"అంటే దాంట్లనే ఉన్నదంటవ్" అంది అక్క, గరిటె ఆపి. నా శాస్త్రం తన దయ్యానికి చిరునామా చెప్పినట్టయింది.

ఆ మాట మీదే పిన్నిగారితో సంప్రదింపులు జరిగాయి. బట్టలు ఆరని రోజునే అది వస్తోందని అక్క చెప్పింది. తడిబట్టలకు గాలి చేరుతుందండి అని పిన్నిగారు తీర్పిచ్చారు. వేడుకకు బయలుదేరే ముందు ఆ సింబల్ మీదే ఒక కొబ్బరికాయ కొట్టి, నీళ్లన్నీ దాని మీద పోస్తే శాంతిస్తుందన్నారు. పక్కగదిలో ఇది వింటూ నేను "బట్టలు ఆరని రోజు" దగ్గర ఆగిపోయాను. ముసురు వచ్చి, గండిపేట చెరువు వైపు గాలి బాల్కనీలోంచి వీచినప్పుడే మోగుతోంది. ఎండ కాసిన మధ్యాహ్నం ఎన్నడూ మోగలేదు. అయితే దానికి నచ్చింది చీకటి కాదు, చెమ్మ.

వేడుక ముందు రోజు అక్క కొబ్బరికాయ కోసం బజారుకు వెళ్లింది. బావా నేనూ సింబల్‌ను స్టాండు మీది నుంచి దించి, చాప మీద బోర్లించాం. తీగ గుచ్చే రంధ్రంలోకి ఫోను లైటు వేసి చూస్తే లోపల ఎర్రగా ఉంది. చెవిలో పెట్టుకునే దూది పుల్ల తీసి లోపల తిప్పాను. పసుపూ ఎరుపూ కలిసిన జిగురు అంటుకుని వచ్చింది. వాసన చూశాను. పులిసిన కొబ్బరి. పుల్ల బావకిచ్చాను. ఆయనా వాసన చూశాడు.

దసరా నాడు చల్లిన కొబ్బరినీళ్లు సింబల్ నడిమి బొక్కలోంచి కిందికి జారి, కుంకుమను వెంటబెట్టుకుని ఆ రంధ్రంలో చేరాయి. నీళ్లు ఆరిపోయినా తీపి జిగురు మిగిలిపోయింది. చెమ్మగాలి తగిలినప్పుడల్లా ఆ జిగురు తడిసి, లోపల విడివిడిగా ఉండాల్సిన ఇత్తడి రేకులను కలిపేస్తోంది. డబ్బా పాపం ఎవరో కొట్టారనుకుంటుంది, లేదా ఎవరో అంచు పట్టుకున్నారనుకుంటుంది. దయ్యం మొత్తం అంతే. నా జీవితంలో నేను కనిపెట్టిన మొదటి విషయం ఇది. అక్క ఎప్పుడొస్తుందా, ఎప్పుడు చెబుదామా అని నా కాళ్లు నిలవడం లేదు.

బావ డ్రమ్ముల స్టూలు మీద కూర్చున్నాడు. "మీ అక్కకు చెప్పకు" అన్నాడు.

"ఎందుకు బావా?"

"ఇన్నొద్దులకు మొదటిసారి ఈ గదిలకొచ్చి బొట్టు పెట్టింది రా. తను చేసిన పూజకె ఖరాబైందని తెలిస్తె మళ్ల ఈ గడప తొక్కది."

"మరి దయ్యం సంగతి?"

"ఉండనియ్. దయ్యమైతె ఎవల తప్పు గాదు."

నేను మందుల దుకాణం నుంచి స్పిరిటూ, ఇంకొన్ని దూది పుల్లలూ తెచ్చి, రంధ్రాన్ని మెరిసేదాకా తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి, మళ్లీ బిగించాను. ఆ సాయంత్రం ముసురులో బాల్కనీ తలుపు బార్లా తెరిచి కూర్చున్నాం. గాలి వచ్చింది, మామిడాకులు గలగలమన్నాయి, వరండా దీపాలు మా గుమ్మం దాకా వెలిగాయి. సింబల్ మోగలేదు. ఆ నిశ్శబ్దం మోత కంటే భయంగా అనిపించింది, ఎవరో ఉండి ఉండి నిజంగానే వెళ్లిపోయినట్టు.

అక్క కొబ్బరికాయతో వచ్చి, ఏమన్నా దొరికిందా అని అడిగింది. ఏం లేదక్కా, కొంచెం తుప్పు అన్నాను. ఆ నాలుగు ముక్కలు చెప్పడం ఎంత కష్టమైందో, చదువుకున్న విషయం నోట్లో పెట్టుకుని తిరిగినవాళ్లకే తెలుస్తుంది. మరి రేపు కొబ్బరికాయ సంగతేంది అంది అక్క. బావ నా వైపు చూశాడు. ఒకసారి పూజ చేసిన వాద్యానికి అదే నెలలో మళ్లీ కాయ కొడితే మొదటి పూజ ఫలం పోతుందని శాస్త్రంలో ఉందన్నాను. ఏ శాస్త్రమో చెప్పలేదు. అక్క నన్ను తేరిపార చూసి, కాయ వంటింట్లో పెట్టింది. మర్నాడు పొద్దున ఇడ్లీల్లోకి పచ్చడి చేసింది.

వేడుక కీబోర్డు సారు వాళ్ల ఆఫీసు ఆవరణలో, గాజు భవనాల నడుమ పచ్చిక మీద జరిగింది. ఆకాశం మబ్బుగానే ఉంది. ఒక పాటలో అందరూ ఆగిపోయి, బావ ఒక్కడే కుడి సింబల్ కొట్టి, చేత్తో పట్టి ఆపాల్సిన చోటు ఉంది. బావ కొట్టాడు, మోగింది. పట్టుకున్నాడు, ఆగింది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో ఏమీ మోగలేదు. జనం చప్పట్లు కొడుతుంటే అక్క మాత్రం చేతులు ఒడిలో పెట్టుకుని బావనే చూస్తోంది. పాటలయ్యాక కీబోర్డు సారు వచ్చి, వచ్చే నెల ఇంకో కార్యక్రమం ఉంది, మీరే వాయించాలి అని బావ చెయ్యి పట్టుకున్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు బావ సామాను సర్దడానికి ఆగాడు. అక్కా నేనూ కారు వెనక సీట్లో కూర్చున్నాం.

"నిన్న చెత్తబుట్టల దూది పుల్లలు చూసిన. ఎర్రగున్నయేంది?" అంది అక్క, కిటికీలోంచి బయటికి చూస్తూనే.

"చెప్పిన కదక్కా, తుప్పు."

"తుప్పుకు కొబ్బరి వాసనొస్తదా?"

నేను సీటు బెల్టు కోసం వెతికాను. అక్కే మళ్లీ అంది. "మీ బావకు చెప్పకు, నాకెరుకైందని. నేను బొట్టు పెట్టిన్నని ఎంత సంబురపడ్డడు. గా సంబురం ఉండనియ్."

బావ వచ్చి బండి తీస్తూ, ఏం మాట్లాడుతున్నరని అడిగాడు. దయ్యం ముచ్చట అంది అక్క. ఇగ రాదంటవా అన్నాడు బావ. రాదులే, పోయింది అని అక్క సీటుకు తల ఆనించి కళ్లు మూసుకుంది. బావ స్టీరింగు మీద దరువు వేస్తూ నడిపాడు.

ఇది రాసే ముందు ఇద్దరి దగ్గరా విడివిడిగా అనుమతి తీసుకున్నాను. రాసుకో, గని మీ అక్కకు చూపియ్యకు అన్నాడు బావ. రాసుకో, గని మీ బావకు చదివి వినిపియ్యకు అంది అక్క. ఇప్పుడు ఇది అచ్చయితే ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని చదువుతారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

ఇక కృతజ్ఞతలు. దయ్యాన్ని ఎవరి తప్పూ కాకుండా చేసిన బావకు, తెలిసి కూడా దయ్యాన్ని ఉండనిచ్చిన అక్కకు, దానికి ఊరూ పేరూ కల్పించిన పిన్నిగారికి, బావ చెయ్యి పట్టుకున్న కీబోర్డు సారుకు, దూది పుల్లలకూ స్పిరిటుకూ మధ్య సంబంధం అడగకుండా రెండూ ఇచ్చిన మందుల దుకాణం అన్నకు. చివరగా, అంత పెద్ద రహస్యం నోటి చివర ఉన్నా మింగేసి, వెనక సీట్లో బుద్ధిగా కూర్చున్న ఆ కుర్రాడికి. ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను గానీ, వాడికి ఆ పూట ఉన్నంత చదువు నాకు మళ్లీ అబ్బలేదు.